సూదితో రాసిన పేరు: అమెరికా బాలికల కుట్టుపటాలు, పావగడ ఇళ్ల పాతపెట్టెలు

పావగడ తాలూకా పటాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. తుమకూరు జిల్లాలో చేరిన ఈ తాలూకాకు చాలావరకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ భూమే ఉంది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మనకు ఇరుగుపొరుగు ఊళ్లు. 1953లోనూ, 1956లోనూ రాష్ట్రాల గీతలు మారినా, మైసూరు సంస్థానంలో ఉన్న పావగడ అటువైపే నిలిచింది. అందువల్ల ఇక్కడి చాలా ఇళ్లలో మాట తెలుగు. బడిలో, కచేరీలో అక్షరం కన్నడం. ఈ సంగతి ఈ సంచిక చదివే విద్యార్థులలో చాలామందికి సొంత అనుభవమే.

ఇలాంటి చోట ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ తాలూకాలో ఆడపిల్ల తన పేరు తానే రాసుకోవడం ఎప్పుడు మొదలుపెట్టింది? ఏ లిపిలో రాసుకుంది? జనాభా లెక్కలు దీనికి సగం జవాబే చెబుతాయి. 1901 లెక్కల నాటికి దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు. తరువాతి లెక్కలలో ఆ అంకె పెరుగుతూ వచ్చింది. కాని ఆ అంకె వెనక ఉన్న చేయి మనకు కనబడదు. శాసనాలలో, కైఫీయతులలో, భూమి దస్తావేజులలో సామాన్య గృహిణి చేతిరాత దొరకడం అరుదు.

ఇదే చిక్కు అమెరికా చరిత్రకారులకూ వచ్చింది. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాల ఆడపిల్లలు ఉత్తరాలు, దినచర్యలు విడిచిపెట్టినది తక్కువ. వారి చేతి గుర్తుగా మిగిలింది ఒక బట్టముక్క. దానిని అక్కడ శాంప్లర్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు కనుక ఈ వ్యాసంలో మేము ‘కుట్టుపటం’ అని వాడుతున్నాము. ఆ పటాలను గురించి చెప్పి, ఆ వెలుగులో మన ఇళ్లలోని వస్తువులను చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కుట్టుపటం అంటే ఏమిటి?

శాంప్లర్ అనే మాటకు మూలం మాదిరి, నమూనా అనే అర్థమిచ్చే లాటిన్ పదం. మొదట ఇది పిల్లల పాఠం కాదు. అచ్చు నమూనాల పుస్తకాలు లేని రోజుల్లో కుట్టుపని తెలిసిన స్త్రీ ఎక్కడైనా కొత్త పువ్వో లతో చూస్తే, మరిచిపోకుండా ఒక నారబట్ట మీద కొంచెం కుట్టి చుట్టి దాచుకునేది. అది ఆమె జ్ఞాపకాల చుట్ట. 1523లో ఆగ్స్‌బర్గ్ నగరంలో అల్లికల నమూనాల పుస్తకం అచ్చయిన తరువాత ఈ అవసరం క్రమంగా తగ్గింది. అప్పుడు కుట్టుపటం ఆడపిల్లకు పని నేర్పే సాధనంగా మారింది. పేరు, సంవత్సరం రెండూ ఉన్న పాత ఇంగ్లీషు పటాలలో ప్రసిద్ధమైనది 1598లో జేన్ బోస్టాక్ కుట్టినది. అది ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇంగ్లండు నుంచి వలస వెళ్లినవారితో ఈ అలవాటు అమెరికా చేరింది. ప్లిమత్ వలస నాయకులలో ఒకడైన మైల్స్ స్టాండిష్ కూతురు లోరా పదిహేడో శతాబ్దం మధ్యలో కుట్టిన పటాన్ని, ఆ గడ్డ మీద తయారై మిగిలిన తొలి పటంగా లెక్కిస్తారు. సన్నగా పొడుగ్గా ఉండే ఆ బట్ట మీద వరుసలు వరుసలుగా లతలు, కింద కొన్ని పంక్తుల పద్యం, ఆమె పేరు ఉన్నాయి. లోరా తండ్రికంటే ముందే చనిపోయింది. 1656లో చనిపోయిన తండ్రి తనను కూతురి పక్కనే పాతిపెట్టమని వీలునామాలో రాశాడు. ఆమె తన చేత్తో చేసి మనకు మిగిల్చినది ఆ బట్ట ఒక్కటే.

పద్ధెనిమిదో శతాబ్దం వచ్చేసరికి పటం పొట్టిదై చతురస్రానికి దగ్గరయింది. పైన అక్షరమాల, అంకెలు, మధ్యలో ఒక నీతి పద్యం, కింద ఇల్లు, చెట్లు, గొర్రెలు, చుట్టూ లత. చివర కుట్టిన పిల్ల పేరు, వయసు, ఊరు, సంవత్సరం. నారబట్ట మీద పట్టుదారంతో కుట్టేవారు. ఆరేడేళ్ల పిల్ల సాదా అక్షరాల పటం కుట్టేది; పన్నెండు పదమూడేళ్లు వచ్చాక పెద్ద బడికి పంపగలిగిన తల్లిదండ్రులుంటే బొమ్మల పటం కుట్టి, అద్దం కట్టించి గోడకు తగిలించేది. పాత పటాల అక్షరమాలలో జె, యు అక్షరాలు లేకపోవడం గమనార్హం. ఆ రోజుల్లో ఐ–జె, యు–వి అక్షరాల మధ్య భేదం స్థిరపడలేదు. కనుక లిపి చరిత్రకు కూడా ఈ బట్టలు సాక్ష్యమే.

అక్షరాలే ఎందుకు?

ఆడపిల్ల బట్ట మీద అక్షరాలు కుట్టడానికి కారణం సరస్వతీ పూజ కాదు, చాకిరేవు. సంపన్నుల ఇంట దుప్పట్లు, బల్లగుడ్డలు, తువ్వాళ్లు డజన్ల లెక్కన ఉండేవి. అన్నీ తెల్లవే. ఏది ఎవరిదో, ఎన్ని ఉతుకుకు వెళ్లాయో, ఏది పాతబడిందో తెలియాలంటే ప్రతి బట్ట మూలన ఇంటివారి పొడి అక్షరాలు, ఒక అంకె కుట్టాలి. క్రాస్ కుట్టును అందుకే గుర్తుల కుట్టు అనేవారు. అక్షరమాల కుట్టడం వచ్చిన పిల్ల ఇల్లు లెక్కగా నడపగలదని అర్థం.

ఇక్కడ మన ఊళ్లతో పోల్చి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మన దగ్గర కూడా ఉతుకు బట్టలకు గుర్తు ఉండేది. కాని ఆ గుర్తు ఇంటి ఆడపిల్ల పెట్టినది కాదు. చాకలి నల్లజీడి రసంతో ఒక మూలన చుక్కలో గీతలో పెట్టుకునేవాడు. ఏ గుర్తు ఏ ఇంటిదో అతనికి, అతని ఇంటివారికి తెలుసు. ఆ గింజకు ఇంగ్లీషులో ‘గుర్తు పెట్టే గింజ’ అని అర్థం వచ్చే పేరు పడింది కూడా ఇందువల్లనే. అంటే అక్కడ కూతురి సూది చేసిన పని ఇక్కడ చాకలి చేతిలో, అక్షరం అవసరం లేకుండా జరిగిపోయింది. ఆడపిల్లకు అక్షరం నేర్పించడానికి ఇంటి లెక్క ఒక సాకు కాగల అవకాశం మన ఊళ్లలో రాలేదని మా అభిప్రాయం.

సూదికీ కలానికీ మధ్య

అయితే అమెరికాలో సూది పట్టిన పిల్లలందరికీ కలం అందిందా? అందలేదు. న్యూ ఇంగ్లండులో చదవడం, రాయడం రెండు వేరు విద్యలు. చదవడం మతగ్రంథం కోసం, అది ఆడపిల్లకూ కావాలి. తల్లో, పొరుగున బడి నడిపే ఒక పెద్దమ్మో నేర్పేవారు. రాయడం వ్యాపారం కోసం, అది మగపిల్లలకు. బోస్టన్ నగరం ప్రజల డబ్బుతో నడిచే బడులలోకి ఆడపిల్లలను రానిచ్చింది 1789లో. అదీ ఏడాదిలో సగం కాలానికి, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మాత్రమే.

కెన్నెత్ లాక్రిడ్జ్ అనే చరిత్రకారుడు న్యూ ఇంగ్లండు వీలునామాల మీది సంతకాలు లెక్కపెట్టి 1974లో ఒక పుస్తకం ప్రకటించాడు. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి వీలునామా రాసిన మగవారిలో నూటికి 90 మంది దాకా సంతకం చేయగలిగారు. స్త్రీలలో సుమారు సగం మంది సంతకానికి బదులు గుర్తు పెట్టారు. అయితే ఆ గుర్తు పెట్టిన స్త్రీలకు అక్షరమే తెలియదని చెప్పగలమా? కలంతో పేరు రాయలేని స్త్రీ పదేళ్ల వయసులో అదే పేరును పట్టుదారంతో కుట్టి ఉండవచ్చు. సంతకం ఒక్కటే చదువుకు కొలత కాదని కుట్టుపటాలు హెచ్చరిస్తున్నాయి. చరిత్ర విద్యార్థికి ఇది పెద్ద పాఠం.

ఈ పటాలు బడులను కూడా గుర్తు పట్టిస్తాయి. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నగరంలో మేరీ బాల్చ్ నడిపిన బడిలో పిల్లలు తమ ఊరి ప్రభుత్వ భవనాన్ని, కళాశాలను కుట్టారు. పెన్సిల్వేనియాలో 1799లో తెరిచిన వెస్ట్‌టౌన్ బడి క్వేకర్లది. అక్కడి బాలికలు పట్టుగుడ్డతో గోళాలు చేసి, వాటి మీద అక్షాంశ రేఖాంశాలు, ఖండాలు దారంతో దిద్దారు. అంటే సూది పాఠంలో భూగోళం కూడా దూరింది. 1828లో బాల్టిమోర్‌లో నల్లజాతి సన్యాసినులు స్థాపించిన బడిలో నల్లజాతి బాలికలు పటాలు కుట్టి పేర్లు పెట్టారు. బానిసత్వం ఇంకా సాగుతున్న నగరంలో ఒక నల్లపిల్ల తన పేరును అద్దం కట్టి గోడకు తగిలించడం చిన్న విషయం కాదు.

1821లో ఎమ్మా విల్లర్డ్ ట్రాయ్‌లోనూ, 1837లో మేరీ లయన్ మౌంట్ హోలియోక్‌లోనూ బాలికల ఉన్నత విద్యాలయాలు తెరిచారు. గణితం, శాస్త్రం ఆడపిల్లల పాఠాలయ్యాయి. బట్ట మీద చెరగని సిరా బజారుకు వచ్చింది. కుట్టుపటం మెల్లగా వెనక్కి తగ్గింది.

ఈ పటాలను ఊరికే పొగడటం మా ఉద్దేశం కాదు. వాటిలోని పద్యం చాలాసార్లు పిల్ల మనసులోది కాదు, పుస్తకంలోది. బొమ్మ పంతులమ్మ గీసి ఇచ్చినది. మిగిలినవన్నీ కలిగిన ఇళ్లవే ఎక్కువ. అదే ఇళ్లలో పనిచేసిన బానిస స్త్రీలు కుట్టిన బట్టల మీద పేరు లేదు. అయినా చివరి పంక్తిలోని పేరు, వయసు ఆ పిల్లవే. ఒక్కోచోట చోటు చాలక అక్షరం పక్కకు జరిగి పైకెక్కుతుంది. ఆ తప్పులోనే ఆమె చేయి మనకు కనబడుతుంది.

ఓడ ఎక్కి వచ్చిన సూది

ఈ అమెరికా కథ మన దేశం దాకా వచ్చిన దారి ఒకటి ఉంది. 1810లో మాసచూసెట్స్‌లో స్థాపించిన అమెరికన్ బోర్డు అనే మిషన్ సంస్థ 1817లో చెరోకీ జాతి వారి మధ్య బ్రెయినర్డ్ అనే చోట బడి పెట్టింది. అదే సంస్థ 1813 నుంచి బొంబాయిలో పనిచేసింది. 1824లో యాళ్పాణం దగ్గర ఉడువిల్‌లో బాలికలకు వసతి బడి తెరిచింది. ఈ బడులలో చదువుతోపాటు సూదిపని నేర్పడం వాడుక. తెలుగు నేలకు అమెరికా మిషనరీలు వేరే సంఘాల తరఫున వచ్చారు. 1840లో నెల్లూరులో బాప్టిస్టులు, 1842లో గుంటూరులో లూథరన్లు స్థిరపడ్డారు. పావగడకు దగ్గరగా చూస్తే, బళ్లారిలో లండన్ మిషన్ 1810లోనే కాలుపెట్టింది. ఇంగ్లండులో ప్రభుత్వ సహాయం పొందే బడులలో ఆడపిల్లలకు సాదా కుట్టుపనిని 1862 నాటి విద్యా నియమావళి తప్పనిసరి చేసింది. ఆ నమూనా వలస పాలనలోని బడుల మీద కూడా నీడ వేసింది.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకూడదు. బ్రెయినర్డ్‌లో, సింహళంలోని అమెరికన్ బడులలో కొందరు పిల్లలకు, ఖర్చు భరించిన అమెరికా దాతల పేర్లు పెట్టారు. అలాంటి పిల్ల బట్ట మీద కుట్టిన పేరు తల్లి పిలిచిన పేరు కాదు. అక్షరం వచ్చింది, పేరు పోయింది. పటం మీద పేరు చూసినప్పుడు అది ఎవరు పెట్టిన పేరో కూడా మనం అడగాలి.

గోదావరి జిల్లాలో కథ ఇంకో దారి పట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో నరసాపురం ప్రాంతానికి వచ్చిన మిషనరీలు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అది ఎగుమతి పరిశ్రమ అయింది. 1982లో మరియా మీస్ ఆ స్త్రీల మీద ప్రకటించిన పుస్తకం ప్రపంచమంతా చదివింది. రోజంతా అల్లినా వారిని శ్రామికులుగా కాక, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కకట్టడం వల్ల కూలి అడుగంటిందని ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు వచ్చింది, సరే. ఏ లేసు మీదా అల్లిన మనిషి పేరు ఉండదు.

మన చుట్టుపక్కల

అలాగని మన ప్రాంతపు ఆడవారికి నమూనాలు దాచుకునే అలవాటు లేదని కాదు. హిందూపురం దగ్గరి లేపాక్షికి వెళ్లి చూడండి. పదహారో శతాబ్దపు ఆ ఆలయంలో లతామండపం స్తంభాల మీద ఒక్కో వైపు ఒక్కో అల్లిక చెక్కారు. పైకప్పు బొమ్మలలో మనుషులు కట్టిన బట్టల అంచులు ఒకదానిలా ఒకటి ఉండవు. చీరల అంచులకు ఆ లతలను తీసుకున్నారు, తీసుకుంటున్నారు కూడా. మొదటి అర్థంలో చూస్తే లతామండపం రాతిలో దాచిన కుట్టుపటమే. మన తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో, పక్కనున్న ధర్మవరంలో మగ్గం మీద పనిచేసే ఇళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

పాత చీరలు పొరలుగా వేసి కుట్టే బొంత ఇంకొకటి. తండాలలో లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో చేసే పని మరొకటి. సండూరు లంబాడీ ఎంబ్రాయిడరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకునే ఈ విద్యలలో అక్షరం లేదు, పేరూ లేదు. చూసినవారికి మాత్రం ఇది ఎవరి చేతి పనో తెలుస్తుంది. ఆ తెలిసినవారు పోతే ఆ తెలివీ పోతుంది.

అక్షరం మన సూదికి ఎక్కినది బడి వచ్చాక. మ్యాటీ బట్ట మీద గళ్లు లెక్కపెట్టి కుట్టిన చిలుకలు, హంసలు, గులాబీలు. అద్దం కట్టిన ‘వెల్‌కమ్’. దిండు గలీబుల మీద ‘గుడ్ నైట్’, ‘స్వీట్ డ్రీమ్స్’. వీటిని చూడని తెలుగువారు ఉండరు. కుట్టు పరీక్షలకు కూర్చున్న అమ్మాయిలు ఒక్కో కుట్టు ముక్కను అంటించిన రికార్డు పుస్తకం దీనికి తోబుట్టువు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం జరిపే లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలలో కుట్టు, ఎంబ్రాయిడరీ ఒక విషయం.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం విద్యార్థులు గమనించాలి. క్రాస్ కుట్టు చదరపు గళ్ల మీద నడుస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు గీతలు కనుక గళ్లలో సులువుగా ఒదుగుతాయి. మన గుండ్రని అక్షరం అక్కడ మెట్లు మెట్లుగా తెగుతుంది. దానికి గొలుసు కుట్టో, కాడ కుట్టో కావాలి. కనుక ఇంటి గోడ మీద ఇంగ్లీషు మాట కనబడితే అది మోజు మాత్రమే అనుకోకండి. కుట్టు పద్ధతి కూడా కారణమే.

పావగడ ఇళ్లలో వెతికేవారికి మరో కీలకం ఉంది. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. క, త, శ వంటివి వేరుగా ఉన్నా, ర, మ, గ, న వంటివి రెంటిలోనూ ఒకే ఒడ్డూ పొడవూ. ‘రమ’ అని రెండక్షరాలు కుట్టి ఉంటే అది ఏ లిపి? తలకట్టు చూడాలి. తెలుగు తలకట్టు పక్షి రెక్కలా పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగుతుంది. కన్నడ బడిలో చదివిన పిల్ల తెలుగు తలకట్టు కుట్టిందంటే ఆమెకు తెలుగు అక్షరం ఎవరో ఇంట్లో నేర్పి ఉండాలి. ఏ ప్రభుత్వ రికార్డుకూ ఎక్కని చదువు అది.

ముగ్గుల పుస్తకాన్ని కూడా ఈ కోవలోనే చేర్చాలి. రోజూ చెరిగిపోయే ముగ్గును మరిచిపోకుండా, చుక్కల లెక్కతో సహా నోటుపుస్తకంలో గీసుకుని, అట్ట మీద పేరు రాసుకునే అలవాటు మన ఆడపిల్లలది. అమెరికా కుట్టుపటం తొలి రోజుల్లో చేసిన పని, చివరి రోజుల్లో చేసిన పని రెండూ అందులో కలిశాయి: అది నమూనాల కోశమూ, పేరు పెట్టిన చేవ్రాలూ.

విద్యార్థులకు మనవి

1921లో ఎథెల్ బోల్టన్, ఈవా కో అనే ఇద్దరు స్త్రీలు అమెరికా కుట్టుపటాల మీద పెద్ద పుస్తకం వెలువరించారు. మాసచూసెట్స్ స్త్రీల సంఘం ఒకటి ఇళ్లలో ఉన్న పటాల వివరాలు రాబట్టి, పేరు, వయసు, సంవత్సరం, ఊరు, కుట్లు, పద్యం వరుసగా రాసిపెట్టింది. 1993లో బెట్టీ రింగ్ రెండు సంపుటాలు తెచ్చారు. ఏ పటం ఏ బడిదో పోల్చిచూసి చెప్పారు. 2012లో ఆమె సేకరణ వేలానికి వచ్చినప్పుడు మేరీ ఆంట్రిమ్ అనే పిల్ల 1807లో కుట్టిన పటం పది లక్షల డాలర్లు దాటింది. ధర సంగతి అటుంచండి. ఇళ్లలో పడి ఉన్న బట్టముక్క చరిత్రకు ఆధారం కావడానికి మొదట కావలసినది డబ్బు కాదు, ఇల్లిల్లూ తిరిగి రాసుకునే ఓపిక.

ఆ పని మనకూ సాధ్యమే. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ అవ్వను, పెద్దమ్మను అడగండి. ‘అవ్వా, ఈ పటం నువ్వే కుట్టినావా? ఎవరు నేర్పించినారు? అప్పుడు నీకెన్నేండ్లు?’ అని కూర్చుని వినండి. బట్ట ఏది, దారం ఏది, కుట్టు ఏది, అక్షరం ఏ లిపి, తలకట్టు ఎటు తిరిగింది, పేరు ఉందా లేదా, బడి పేరు ఏమిటి అని రాసుకోండి. ఫోటో తీయండి. కొలత రాయండి. వస్తువును మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి, అది వారిది. రాసుకున్నదాని నకలు ఒకటి వారికి ఇవ్వండి.

ఆలస్యం చేయకండి. కొత్త ఇల్లు కట్టినప్పుడు మొదట బయటికి పోయేవి పాత పెట్టెలు. అద్దం పగిలిన పటం, అట్ట ఊడిన ముగ్గుల పుస్తకం పాతసామాన్ల బండికి పోతే, ఒక మనిషి తన పేరు తాను రాసుకున్న ఒకే ఒక్క చోటు పోయినట్టే.